మూడో గురువారం

మా అబ్బాయికి ఆ నెలలో అది మూడో జ్వరం. రెండేళ్ళు ఇంట్లో కూర్చుని ఫోన్లో పాఠాలు విన్న పిల్లాడు, బడి తెరిచిన రెండో వారానికే మంచం ఎక్కాడు. లేచాడు, నాలుగు రోజులు వెళ్ళాడు, మళ్ళీ ఎక్కాడు. విశాఖపట్నంలో మా వీధి చివర పిల్లల డాక్టరు దగ్గర ఆ రోజు నిలబడడానికి కూడా చోటు లేదు. ఇల్లిల్లూ ఓ పిల్లని భుజాన వేసుకుని వచ్చినట్టుంది. మా వంతు వచ్చేసరికి డాక్టరు గొంతే బొంగురుపోయింది. పాపం, కుర్ర డాక్టరు.

"కంగారు పడకండమ్మా," అన్నాడు. "రెండేళ్ళు పిల్లల్ని తలుపులు వేసి దాచాం. జలుబులు కూడా రాలేదు. ఇప్పుడు తలుపులు తీశాం. వానాకాలం జ్వరాలు ఎండాకాలంలో వస్తున్నాయి, ఏడాదికొకటి చొప్పున రావలసినవి అన్నీ కలిసి వస్తున్నాయి. కరోనా వచ్చి తగ్గిన కొందరు పిల్లలకైతే నెల తరవాత ఒళ్ళంతా వాపెక్కి గుండె దాకా పోతోంది. మీవాడికి అదేం లేదు."

"ఈ మాట నేను చిన్నప్పుడే విన్నాను బాబూ," అన్నాను.

"ఎవరు చెప్పారమ్మా?"

"సూదత్త."

అదేదో వైద్యపుస్తకం పేరనుకున్నాడో ఏమో, మర్యాదగా తలూపి తరవాతి పిల్లని పిలిచాడు.

సూదత్త మా కాలనీ దవాఖానాలో నర్సు. హిందీవాళ్ళ ఊరు బిలాస్‌పూర్‌లో రైల్వే కాలనీ అది. పిల్లలకి సూదులు వేసేది కనక సూది, మా నాన్నలందరినీ తమ్ముడూ అని పిలిచేది కనక అత్త. రెంటినీ ఎవరు అతికించారో గాని, తెలుగు ముక్క రాని పిల్లలు కూడా సూదత్తా అనే పిలిచేవారు. వాళ్ళు అదే ఆవిడ అసలు పేరనుకునేవారు. అసలు పేరు నాకు తెలుసు. రాస్తే ఆవిడకి నచ్చదు, అందుకని రాయను.

ఎదురుపడిన పిల్లని బాగున్నావా అని ఆవిడ అడగ్గా నేను వినలేదు. "ఆ అను," అనేది. అదే పలకరింపు. మనం ఆ అనేలోపు గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి మొహం ఎండవైపు తిప్పేది. చేతిసంచీలోంచి చిన్న స్టీలు చెంచా తీసి, దాని కాడతో నాలుక నొక్కి, తన తల పక్కకి వంచి చూసేది. దవాఖానావాళ్ళు టార్చి ఇచ్చారు గాని ఆవిడకి దాని మీద నమ్మకం లేదు. "గవర్నమెంటు టార్చి కన్నా సూర్నారాయణమూర్తి నయం. సెల్లులు మార్చక్కర్లేదు," అనేది. చెంచాలు ఒకటి కాదు, పది పన్నెండు ఉండేవి, రోజూ మరగబెట్టి గుడ్డలో చుట్టుకుని వచ్చేది. రేషన్ షాపు దగ్గర, ప్లాట్‌ఫారం మీద, పెళ్ళి పందిట్లో, ఎక్కడైనా సరే. ఒకసారి బెంగాలీవాళ్ళ దుర్గాపూజలో ప్రసాదానికి వరసలో నిలబడ్డ పిల్లలందరి నోళ్ళూ చూసేసింది. ప్రసాదం పెట్టే ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఆవిడ లెక్కలో జ్వరాలు రెండే రకాలు, మంచి జొరం, చెడ్డ జొరం. ముక్కు కారి, తుమ్ములు వచ్చి, కళ్ళు ఎర్రబడితే అది మంచి జొరం. "ముక్కు కారితే దేవుడికి దండం పెట్టుకో. కారకుండా గొంతు ఒక్కటీ నొప్పంటే నా దగ్గరికి పరిగెత్తుకు రా," అని తల్లులకి చెప్పేది. కాలనీలో మా తల్లులందరికీ అది నోటికి వచ్చేసింది. చీమిడి ముక్కుల పిల్లల్ని చూసి సంతోషించిన ఊరు ప్రపంచంలో మాదొక్కటేనేమో.

సూది వేసేటప్పుడు ఆవిడకో పద్ధతి ఉండేది. ముందు మందు సీసాని పిడికిట్లో పెట్టుకుని, చెయ్యి చంకలో దోపుకుని, కాసేపు ఊరికే కూర్చునేది. చల్లటి మందు ఎక్కువ నొప్పి పెడుతుందట. అలా కూర్చుని ఎటో చూస్తూ, "ఈవేళ మీ ఇంట్లో కూరేటి?" అని అడిగేది. అడిగేది ఒకసారి కాదు. ఎవరు తరిగారు, పులుసు పెట్టారా, వేపుడు చేశారా, అని తవ్వుతూ పోయేది. మనం అరటికాయ అనడానికి నోరు తెరిచి అర దాకా వచ్చేసరికి సూది దిగిపోయేది. మిగిలిన కాయ ఏడుపులో కలిసేది. ఆ రకంగా ఏ క్వార్టర్లో ఏ రోజు ఏం వండారో కాలనీ మొత్తం మీద ఆవిడ ఒక్కదానికే తెలుసు. మా ఇంట్లో వరసగా మూడు సార్లు బంగాళాదుంపే అయ్యేసరికి, "ఏమమ్మా, బజారుకి కర్ఫ్యూ పెట్టేరా?" అని మా అమ్మని వీధిలో అడిగింది.

తట్టు పోసిందంటే మావాళ్ళు అమ్మవారు అనేవారు. వేపమండలు కట్టి, తలుపు దగ్గరికి వేసి, దవాఖానాకి కబురు పోనిచ్చేవారు కాదు. మందు పడితే అమ్మవారికి కోపం వస్తుందని భయం. ఇలాంటి చోట డాక్టర్లు కేకలేసేవారు. సూదత్త తనే నాలుగు వేప రెబ్బలు పట్టుకుని వెళ్ళేది. గడప దగ్గర చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, మంచం పక్కన కూర్చుని దండం పెట్టేది. అయ్యాక పిల్ల చెవులు, కళ్ళు, ఊపిరి చూసేది. "అమ్మవారు మూడ్రోజులుండి వెళ్ళిపోతాది. ఆవిడెనక వచ్చిన చుట్టాలే ఇల్లు కదలరు. నా మందు చుట్టాలకి, అమ్మవారికి కాదు," అనేది. అలా చెబితే మా నాయనమ్మ లాంటివాళ్ళు కూడా ఒప్పుకునేవారు.

ఆవిడకి పెళ్ళయిందో లేదో, సొంతవాళ్ళు ఎవరున్నారో ఎవరికీ సరిగ్గా తెలియదు. సోంపేట వైపు అని మాత్రం తెలుసు. ధైర్యం చేసి అడిగినవాళ్ళకి "ఆ అను" అనే జవాబు వచ్చేదని చెప్పుకునేవారు.

నేను ఆవిడ చేతికి చిక్కింది బుధవారీ బజారులో. నాకు ఎనిమిదేళ్ళు. ఓ వారంగా నాకు ఒక రోజు మోకాలు వాచేది, మర్నాటికి అది తగ్గి మోచెయ్యి వాచేది, దాని మర్నాడు చీలమండ. మా అమ్మకి అనుమానం వచ్చింది, నా మీదే. లెక్కల పరీక్ష ఉన్న వారం అది. "రోజుకో చోట నొప్పేటే? బడి ఎగ్గొట్టే నొప్పులు కావేటి ఇవి?" అని చెయ్యి పట్టుకుని బజారుకి ఈడ్చుకెళ్ళింది. టమాటాల దుకాణం దగ్గర సూదత్త. ఎప్పటిలాగే నన్ను ఆ అను అంది. నేను అన్నాను. ఆవిడ గొంతు చూసి ఊరుకోలేదు, నా నడక చూసింది. అమ్మ నవ్వుతూ నొప్పుల సంగతి చెప్పింది. అమ్మ మాట పూర్తికాకుండానే సూదత్త సంచీ కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, నా గౌను మీద, గుండె దగ్గర చెవి ఆనించింది.

బజారు బజారంతా మమ్మల్నే చూస్తోంది. ఆవిడ జుట్టుకి కొబ్బరినూనె వాసన, చెయ్యికి స్పిరిటు వాసన. నాకు చక్కిలిగింతలు పుట్టి నవ్వొచ్చింది. "నవ్వకే గుంటా, వినబడదు," అంది. చాలాసేపు విన్నది. లేచి మా అమ్మతో ఒక్క ముక్క మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని దవాఖానాకి నడిచింది. ఆవిడ కూరగాయల సంచీ అక్కడే ఉండిపోయింది. అమ్మ రెండు సంచీలు మోసుకుంటూ వెనకాల పరిగెత్తింది.

నాలుగు వారాల ముందు నాకు గొంతు నొప్పి వచ్చింది, ముక్కు కారలేదు. ఆ వారం మేము పెళ్ళికి వెళ్ళి ఉన్నాం, అమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలింపించి ఊరుకుంది. గొంతులో పురుగు పోయింది గాని, దాంతో యుద్ధానికి లేచిన ఒళ్ళు ఆగలేదు, కీళ్ళ మీద పడింది, ఆ తరవాత గుండె మీద. కీళ్ళని నాకి గుండెని కొరుకుతాదీ జొరం, అని సూదత్త చెప్పేది. మొదటిసారి గుండెకి పెద్దగా దెబ్బ తగల్లేదు. మళ్ళీ గొంతు నొప్పి రాకుండా చూసుకుంటే బతికిపోయినట్టే. దానికి మందు ఒకటే. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది, ఏళ్ళ తరబడి.

నా రోజు మూడో గురువారం. రెండు గురువారాలు మామూలువి, మూడోది నాది. ఆ సూది మామూలు సూది కాదు. మందు చిక్కగా, తెల్లగా, గంజిలా ఉండేది. తుంటిలోకి దిగేటప్పుడు కాలు కాలిపోయేది. మా అమ్మ వంకలు వెతికేది. ఒకసారి అమావాస్య, ఒకసారి నాన్న డ్యూటీ, ఒకసారి ఇంటికి చుట్టాలు. సూదత్త మధ్యాహ్నం దాకా చూసి, సాయంత్రం స్టీలు డబ్బా పట్టుకుని మా ఇంటికే వచ్చేసేది. "గుండెకి అమావాస్య లేదమ్మా," అనేది. రెండేళ్ళలో నాకు ఒక్క గురువారం తప్పలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. సూదత్త ఏదడిగినా పిల్లనే అడిగేది, తల్లిని కాదు. తల్లి జవాబు చెప్పబోతే చెయ్యెత్తి ఆపేది. "నీకు భయం ఉంది. దానికి నొప్పి ఉంది. నొప్పి అబద్ధం ఆడదు," అనేది. పెద్దవాళ్ళ ముందు మా మాటకి అంత విలువ ఇంకెవరూ ఇవ్వలేదు. మాకు ఆవిడంటే ఎంత భయమో అంత గర్వంగా కూడా ఉండేది.

తొంభై నాలుగులో, దసరా ముందు, సూరత్‌లో ప్లేగు అన్నారు. సూరత్ ఎక్కడ, బిలాస్‌పూర్ ఎక్కడ. కాని అహ్మదాబాద్‌నించి హౌరా వెళ్ళే బండి సూరత్ మీదుగా వచ్చి మా స్టేషన్లో ఆగేది. ఊరు వదిలి పారిపోతున్నవాళ్ళు ఆ బండి నిండా ఉన్నారని పుకారు. రైలుతో బతికే ఊరికి రైలంటేనే భయం పట్టుకుంది. జనం మొహాలకి చేతిరుమాళ్ళు కట్టుకున్నారు. ఊళ్ళో తార్‌బహార్ పేటలో మందుల దుకాణాల ముందు టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రల కోసం వరసలు కట్టారు. పిల్లల్ని బడి మానిపించారు. ఆ వెంటనే దసరా సెలవులు, వాటి వెంట దీపావళి. నెలన్నర రోజులు మేము గేటు దాటలేదు.

ఆ నెలన్నరలో కాలనీలో ఒక్క పిల్లకి జలుబు చెయ్యలేదు. ఒక్క గొంతు నొప్పి లేదు. తల్లులు మురిసిపోయారు. మా అమ్మయితే, "ప్లేగు పేరు చెప్పి పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారు," అంది. మా నాన్న రైలు గార్డు. డ్యూటీనించి వస్తే పెరట్లోనే బట్టలు విడిచి, కుళాయి కింద స్నానం చేశాకే లోపలికి రావాలి. నాన్న ఎక్కడో పట్టుకొచ్చిన గొట్టం మాత్రలు అమ్మ మాకు రోజూ మింగించింది. ఆవిడ ఆలోచన ఏమిటంటే, ప్లేగునే ఆపే మందు గొంతు నొప్పిని ఆపదా? పైగా ఊళ్ళో గొంతు నొప్పులే లేవు. సూది కోసం పిల్లని దవాఖానాకి తీసుకెళ్తే, అక్కడ రైలు దిగిన రోగులుంటే, కొరివితో తల గోక్కున్నట్టే కదా. కాలనీలో చాలామంది అలాగే అనుకున్నారు. ఆ మాత్రలు మింగిన చిన్నపిల్లలకి పళ్ళ మీద పసుపు గీతలు పడ్డాయి. నా ఈడువాళ్ళ తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఇప్పటికీ నవ్వగానే గుర్తుపట్టొచ్చు.

అమ్మకి తెలియనిదీ, డాక్టరు చెప్పాక తెలిసిందీ ఏమిటంటే, ఆ మాత్రలు నా గొంతు పురుగుకి కాపలా కాయలేవు. దానికి ఆ గంజి లాంటి సూదే కావాలి.

సూదత్తని ఆ రోజుల్లో స్టేషన్లో వేశారు, బండి దిగినవాళ్ళకి జ్వరం చూడ్డానికి. నా గురువారం దాటిపోయిన మూడో రోజున ఆవిడ మా గేటు దగ్గరికి వచ్చింది. మొహానికి తెల్ల గుడ్డ, చేతిలో స్టీలు డబ్బా. ఎప్పుడూ గేటు గొళ్ళెం తనే తీసుకుని లోపలికి వచ్చేసే మనిషి, ఆ రోజు బయటే నిలబడింది. మా అమ్మ తలుపు తియ్యలేదు, కిటికీ సగం తెరిచింది.

"ఏమమ్మా, గుంటకి గురువారం దాటిపోయింది కదా," అంది సూదత్త.

"వేయించీసేం వదినా. వాళ్ళ నాన్న తీసికెళ్ళేరు, ప్రైవేటులో."

సూదత్త ఆ మాట విననట్టే, "గుంటని పిలు," అంది.

నేను పరిగెత్తుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళాను. అమ్మ నాకు కన్ను గీటలేదు, గిల్లలేదు. నేల చూపులు చూస్తోంది, అంతే. పోనీ అమ్మ భయపెట్టిందని చెప్పుకుందామన్నా వీల్లేదు. నాకు పదేళ్ళు. ఎదురుగా ఆ డబ్బా, దాన్లో నా తుంటి కాల్చే మందు.

"ఏటే, సూది పడిందా?"

"పడింది అత్తా."

"ఏ వేపు?"

"ఎడం వేపు."

ఆ ఎడం వేపు అన్న ముక్క నాకెలా తట్టిందో ఇప్పటికీ తెలియదు. సూదత్త నన్ను చూస్తూ కొంచెంసేపు నిలబడింది. "అచ్ఛా," అంది. వెళ్ళబోయి మళ్ళీ వెనక్కి తిరిగి అమ్మతో, "జొరాలు లేవని సంబరపడకండి. సిగ్నల్ పడక ఆగిన బండ్లు ఇవి, రద్దయిన బండ్లు కావు. బడి తీసిననాడు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తాయి. గొంతు కనిపెట్టుకోండి," అని చెప్పి వెళ్ళిపోయింది. నాన్నని రానిచ్చిన ఇల్లు ఆవిడని గేటు బయటినించే పంపేసింది. అమ్మ కిటికీ మూసి నాకు బెల్లం ముక్క పెట్టింది. నేను తిన్నాను.

నా తరవాతి మూడో గురువారం కూడా అలాగే దాటిపోయింది.

దీపావళి అయ్యాక బడి తెరిచారు. సూదత్త చెప్పినట్టే జరిగింది. రెండు వారాల్లో క్లాసులో సగం బెంచీలు ఖాళీ. దగ్గులు, చెవి పోట్లు, గవదలు, తట్టు, ఏ కాలానిది ఏదో చెప్పడానికి లేదు. నాకు గొంతు నొప్పి వచ్చింది, ముక్కు కారలేదు. డిసెంబరులో ఓ పొద్దున్న మంచం మీదినించి కాలు కింద పెట్టలేకపోయాను. ఈసారి కీళ్ళతో ఆగలేదు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, రెండు దిళ్ళు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. నాతోపాటు కాలనీ పిల్లలు ఇంకో ఇద్దరు అదే వార్డులో చేరారు. గుండెలో ఒక కవాటం దెబ్బతింది, సరిగ్గా మూసుకోదు, నెత్తురు వెనక్కి కారుతుంది. అది అప్పటినించీ నాతోనే ఉంది.

వార్డులో పెద్ద డాక్టరు నా మంచం దగ్గరే సూదత్తని నిలదీశారు. ఈ పిల్లకి రెండు సూదులు ఎలా తప్పాయి అని. మా అమ్మ అక్కడే ఉంది. నేనూ ఉన్నాను, కళ్ళు మూసుకుని. సూదత్త, "నేనే చూసుకోలేదు సార్," అంది. ఆయన ఇంకా గట్టిగా అరిచారు. ఆవిడ, "అవును సార్, నాదే," అంది. ఆయన వెళ్ళాక అమ్మ నోరు తెరవబోయింది. సూదత్త చెయ్యెత్తి ఆపి, నా దిండు సర్ది, "ఈవేళ దవాఖానాలో కూరేటే?" అని అడిగింది. నేను కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఏడుపు వస్తుంది, ఏడిస్తే నిజం వస్తుంది.

ఆ నిజం నేను అయిదేళ్ళు మోశాను. అయిదేళ్ళూ మూడో గురువారం మూడో గురువారం ఆవిడ ముందు బోర్లా పడుకుని, ఈసారి చెప్పేద్దాం అనుకునేదాన్ని. కూరేటి అని అడిగేది, కూర పేరే నోటికి వచ్చేది. ఆవిడ ఏనాడూ ఆ సంగతి ఎత్తలేదు. ఒక్క మార్పు మాత్రం నాకు కనబడేది. అంతకు ముందు పిల్లల్ని అడిగి ఊరుకునే మనిషి, ఆ ఏడాది తరవాత మా మాట కూడా నమ్మడం మానేసింది. వేరేచోట సూది పడింది అన్నా తుంటి మీద చెయ్యి వేసి, గడ్డ తగిలితేనే ఊరుకునేది. నా ఒక్క మాటతో కాలనీ పిల్లలందరి మాటకీ విలువ పోయింది అనిపించేది నాకు.

ఆవిడ రిటైరై సోంపేట వెళ్ళిపోయే ముందు చివరి గురువారం వచ్చింది. నాకు పదిహేనేళ్ళు. ఆ రోజు తప్పకుండా చెప్పాలని, చెప్పాల్సిన మాటలు దారంతా వల్లె వేసుకుంటూ వెళ్ళాను. ఆవిడ సీసా చంకలో పెట్టుకుని కూర్చుంది. కూరేటి అని అడగలేదు.

"ఆ రోజు నీకు సూది పడలేదని నాకు తెలుసే," అంది.

నేను తలెత్తి చూశాను.

"ఈ సూది పడ్డ గుంట మూడ్రోజులు కుంటుకుంటాది. నువ్వు కిటికీ కాడికి లేడిపిల్లలా గెంతుకుంటా వచ్చేవు. ఏ వేపు అని ఎందుకు అడిగేననుకున్నావు? నువ్వు తడబడతావని. తడబడితే నేను గేటు తీసుకుని లోపలికి రావాలి. నువ్వు తడబడలేదు."

"మరి తెలిసీ వెళ్ళిపోయావా?"

"వెళ్ళిపోయేను. రెండ్రోజులై స్టేషన్లో బండి దిగినోళ్ళ నోళ్ళూ చంకలూ చూస్తన్నాను. ఆ పొద్దున్నే ఒకడు నా మొహం మీద దగ్గేడు. నీ దగ్గరికొస్తే నీకంటిస్తానేమోనని ఒక భయం. నాకేటైపోతాదోనని ఇంకో భయం. ఏది పెద్దదో అడక్కు. నువ్వు పడింది అన్నావు, నాకు హాయనిపించింది. ఇంటికెళ్ళి తలుపేసుకున్నాను. ఆ తరవాతి గురువారం కూడా నీ ఇంటి వేపు రాలేకపోయేను." సీసా ఇటూ అటూ తిప్పింది. "గుండె నీది. దాని మీద చెయ్యి వేసింది నేను. నీకు చెప్పకుండా ఎలా వెళ్ళమంటావు?"

నేను చెప్పాల్సిన మాటలన్నీ ఎక్కడికి పోయాయో. అయిదేళ్ళు తప్పంతా నాదే అని కుమిలినదాన్ని, ఒక్కసారి తప్పు మొయ్యడానికి ఇంకో మనిషి దొరికేసరికి, ఊరట రాలేదు, కోపం వచ్చింది. పెద్దదానివి కదా నువ్వు. నేను పదేళ్ళదాన్ని. నా మాట నమ్మానని చెప్పినా క్షమించేదాన్ని, నమ్మకుండా వెళ్ళిపోయావా? ఇవేవీ పైకి అనలేదు. సూది వేయించుకున్నాను, లేచి, గౌను దులుపుకుని, ఒక్క మాట మాట్లాడకుండా వచ్చేశాను. ఆదివారం ఆవిడని సాగనంపడానికి కాలనీ అంతా స్టేషన్‌కి వెళ్ళింది. నాకు తలనొప్పి అని చెప్పి ఇంట్లో పడుకున్నాను. వెళ్ళివచ్చిన అమ్మ, "బండి కదిలేదాకా కిటికీలోంచి నీకోసమే చూసిందే," అంది. చూడనీ అనుకున్నాను.

మరుసటి ఏడు నాన్నకి బదిలీ అయి మేము విశాఖ వచ్చేశాం. చదువు, పెళ్ళి, డాక్టర్లు వద్దంటూనే దగ్గరుండి నడిపించిన ఒక కాన్పు. సూదులు మాత్రం ఆగలేదు. కోపం కూడా ఎక్కడో ఒక మూల అలాగే ఉంది.

అది కరోనా మొదటి ఏడాదిలో కరిగింది. మా పై అంతస్తులో ఒక నర్సమ్మ ఉంటుంది. లాక్‌డౌన్‌లో నా సూది రోజు దాటిపోయిందని ఆవిడకి ఎలా తెలిసిందో, మందు తనే సంపాదించి, తలుపు తట్టింది. కోవిడ్ వార్డులో డ్యూటీ చేసి వచ్చిన మనిషి. మా అబ్బాయి నా వెనకాల నిలబడి ఉన్నాడు. నేను తలుపు తియ్యకుండా, "వేయించుకున్నానండీ, నిన్ననే," అన్నాను. "సరేనండి," అని ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ అడుగుల చప్పుడు వింటూ తలుపుకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. మా అమ్మ ఎంత భయపడిందో, గేటు బయట తెల్ల గుడ్డ కట్టుకున్న మనిషి ఎంత భయపడిందో, నాకు ముప్పై ఆరేళ్ళకి అర్థమైంది. అరగంట తరవాత పైకి వెళ్ళి, అబద్ధం చెప్పానని ఒప్పుకుని, ఆవిడ చేత సూది వేయించుకున్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం ఆ రోజు సూదత్త కావాలనిపించింది. ఆవిడ గొంతు వినాలని, ఆ రెండు వేళ్ళు గడ్డం కింద పెట్టించుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. అయినా ఏమీ చెయ్యలేదు. ఏం మొహం పెట్టుకుని అడుగుతాం అనుకుంటూ రెండేళ్ళు గడిపేశాను.

పిల్లల డాక్టరు దగ్గరనించి వచ్చిన రోజు మాత్రం ఆగలేకపోయాను. పాత కాలనీ పిల్లల వాట్సాప్ గ్రూపులో సూదత్త నంబరు ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగాను. మధ్యాహ్నానికి ఎవరో ఒక సోంపేట నంబరు పెట్టారు. వెంటనే చేశాను. ఒక పెద్దావిడ ఎత్తింది. సూదత్త చెల్లెలట.

"అక్క పోయి నాలుగు నెల్లైందమ్మా," అంది. "మీరెవరు?"

"బిలాస్‌పూర్లో ఆవిడ దగ్గర సూదులు వేయించుకున్నానండీ, చిన్నప్పుడు."

"అలాగేటి. అక్కడ చాలామందికి వేసేదట కదా. అవునూ, గార్డు గారి అమ్మాయివి కాదు కదా నువ్వు?"

"అవునండీ. నేనే."

అటువైపు గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు. ఎవరితోనో, "ఒరే, ఆ గుంట ఫోన్ చేసిందిరా," అంది. నాతో, "బిలాస్‌పూర్నించి ఎవులొచ్చినా అడిగీదమ్మా. పెళ్ళిళ్ళకొచ్చినోళ్ళని, కర్మలకొచ్చినోళ్ళని. గార్డు గారి గుంట ఉందా అని. ఎలాగుంది అని అడిగీది కాదు, ఉందా అనే అడిగీది. బదిలీ మీద పోయేరు, తెలవదనీవోరు. ఇప్పుడెక్కడున్నావమ్మా?" అంది.

"విశాఖపట్నంలోనండీ."

"విశాపట్నమేనా?" అంది. "ఎన్నాళ్ళై?"

"ఇరవై రెండేళ్ళై."

పొద్దున్న బండెక్కితే మధ్యాహ్నం భోజనానికి అందుకునే దూరం.

"ఒక కార్డు ముక్క రాసుంటే సరిపోయీది కదమ్మా," అంది, కోపమేమీ లేకుండా. "పోనీలే. గుండె ఎలాగుంది ఇప్పుడు?"

"బాగానే ఉందండీ," అన్నాను. అది చాలదనిపించి, "ఉన్నానండీ," అన్నాను.